బాలింత ఇంట్లో గాలి మిషను

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం సరిగ్గా రాదు. నాలుగో తరగతిలో బడి మానేసిన మనిషిని. వత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో ఇప్పటికీ అనుమానమే. బస్సు మీద ఊరి పేరు చదువుకుంటాను, శుభలేఖ చదువుకుంటాను, అంతవరకే. ఇంత పొడుగు కాగితం రాయడం ఇదే మొదలు. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ మధ్యలో పక్కన పెట్టేయకండి.

నేను చేసిన పని బాలింతలకి నీళ్ళు పోయడం. శ్రీకాకుళం బజారు వీధుల్లో చాలా ఇళ్ళలో పోశాను. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తల్లికి నూనె మర్దన చేసి, పసుపు రాసి, ఒళ్ళు చురుక్కుమనేటంత వేడి నీళ్ళు పోసి, నడుముకి గుడ్డ బిగించి కట్టి, జుట్టుకి సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టాలి. తర్వాత పసిబిడ్డని చాచిన కాళ్ళ మీద వేసుకుని నలుగు పెట్టి స్నానం చేయించాలి. ఇప్పుడు నా మోకాళ్ళు వంగవు. పని మానేశాను.

మానేసినా నన్ను అడిగేవాళ్ళు మానలేదు. కొత్తగా ఇల్లు కట్టుకునే పిల్లలు దారిలో ఆపుతారు. గాలిలో వేడిని లాగి నీళ్ళు కాచే మిషను వచ్చిందట కదా అత్తా, నువ్వు దాంతో పని చేశావట కదా, ఇంటికి పనికొస్తుందా అని అడుగుతారు. పనికొస్తుంది అని ఒక్క మాటలో చెప్పి వెళ్ళిపోవచ్చు. అలా చెబితే సగమే చెప్పినట్టు ఉంటుంది నాకు. మిగతా సగం మా అక్క.

అక్క అంటే తోడబుట్టిన మనిషి కాదు. నాతో కలిసి పని చేసిన మనిషి. నేను స్నానాల గదిలో ఉంటే, ఆవిడ పెరట్లో నీళ్ళ పొయ్యి దగ్గర ఉండేది. ఇద్దరికీ మధ్య గోడ. ఆవిడది భావనపాడు, సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టింది. కెరటాల హోరులో పడవ మీద ఉన్నవాళ్ళని కేకేసి పిలిచిన గొంతు కదా, గోడ ఆవిడకి ఒక లెక్క కాదు. నేను నీళ్ళు పోస్తూ ఉంటే అటునుంచి "సాలేటే?" అని అరిచేది. నేను "ఇంకో బిందె" అంటే బిందె వచ్చేది. "సాలు" అంటే పొయ్యిలో కర్ర వెనక్కి లాగిన చప్పుడు వినబడేది. ఏ ఇంటికి వెళ్ళినా మా ఇద్దరి పని ఈ రెండు మాటల మీదే నడిచింది.

ఆవిడ చేతులు ఎప్పుడూ మసిగా ఉండేవి. అందుకని బిడ్డని ముట్టుకునేది కాదు. స్నానం అయ్యాక గుమ్మం దగ్గరికి వచ్చి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, మెడ చాచి చూసేది. "ముక్కు తాతది" అనో, "సెవులు మేనత్తవి" అనో ఒక మాట అని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. ఊళ్ళో ఎంతమంది పిల్లలకి నీళ్ళు కాచిందో గానీ ఒక్క తడి బిడ్డని ఎత్తుకున్నది లేదు.

సరుగుడు కర్రలతో కాచేవాళ్ళం. వానాకాలం కర్ర మండకపోతే పలాస వైపు నుంచి వచ్చే జీడి తొక్కు వేసేది. అది భగ్గుమని మండుతుంది. ఆ పొగ మాత్రం గొంతులో కత్తి దిగినట్టు ఉంటుంది. అలా ఏళ్ళ తరబడి పీల్చింది. ముందు దగ్గు వచ్చింది. తర్వాత మెట్టెక్కితే ఆయాసం. నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పొగ దగ్గరికి పోవద్దని గట్టిగా చెప్పింది. బయటికొచ్చాక అక్క రోడ్డు మీదే నాతో తగువు పెట్టుకుంది.

"పొయ్యి మానేసి ఏటి సెయ్యాల నాను? నువ్వు నీళ్ళు పోస్తంటే పక్కన కూకుని సూడాలా? ఉత్తినే కూకున్నదానికి ఎవులు పిలుస్తారే?"

ఆ మాట నిజం. పొయ్యి దగ్గరే ఉంటే ఆవిడ ఊపిరి పోతుంది. పొయ్యి పోతే ఆవిడ పని పోతుంది, గోడ అవతల నాకు అక్క ఉండదు. ఏది కోరుకోవాలో తెలియక రెండూ కోరుకునేదాన్ని.

గీజర్లు లేవా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. గోడకి తగిలించే చిన్న గీజరు ఒక బకెట్ వేడిగా ఇచ్చి, రెండో బకెట్‌కి చల్లబడిపోతుంది. మామూలు మనిషికి అది సరిపోతుంది. బాలింతకి ఒళ్ళంతా కాపడం పడేదాకా ఆగకుండా పోయాలి. ఇక బకెట్లో పెట్టే రాడ్డు ఉంది చూడండి, పసిబిడ్డ ఉన్న ఇంట్లో దాన్ని చూస్తేనే నాకు భయం. స్విచ్చి ఆపకుండా నీళ్ళలో చెయ్యి పెట్టి చూసేవాళ్ళు ఎప్పుడూ ఒకరు ఉంటారు. అందుకని గీజరున్న ఇంట్లో కూడా కాన్పు వచ్చిందంటే పెరట్లో రాళ్ళు పేర్చి, రాగి కాగు ఎక్కించి, మా అక్కని పిలిచేవాళ్ళు.

బజార్లో కరెంటు సామాన్ల కొట్టున్న ఒక షావుకారు ఇంటికి మేం తరతరాల మనుషులం. వాళ్ళ కోడళ్ళకీ కూతుళ్ళకీ నీళ్ళు పోసింది మేమే. ఆ షావుకారు కొట్లో అమ్ముదామని ఈ కొత్త మిషను తెప్పించాడు. ముందు తన ఇంట్లో పెట్టాడు. చిన్న కూతురికి నెలలు నిండుతున్నాయి. ఇంట్లో ఒక కాన్పు గడిస్తే ఇంక ఊళ్ళో ఎవరికైనా ధైర్యంగా చెప్పి అమ్ముతాను అన్నాడు.

మిషను బియ్యం డ్రమ్ములా ఉంది, నెత్తిన ఫ్యాను. బిగించడానికి విజయనగరం నుంచి మెకానిక్కు వచ్చాడు. అంత ఖరీదైన వస్తువుని ఎండకీ వానకీ వదలడానికి షావుకారుకి మనసొప్పలేదు. వెనక వసారాలో గోడకి ఆనించి పెట్టించాడు. ఆ వసారా పెరటివైపు తెరిచే ఉంటుంది, పిట్టగోడ తప్ప అడ్డం లేదు. అక్కడ పెట్టడంలో తప్పేమీ లేదు. ఏసీ గదిలో వేడిని బయట పారేస్తుంది కదా, ఇది బయటి గాలిలో వేడిని పట్టి నీళ్ళలో పెడుతుంది, చల్లబడిన గాలిని వదిలేస్తుంది అని మెకానిక్కు వివరం చెప్పాడు. గాలి ఆడేటట్టు చూసుకోమని కూడా చెప్పాడు.

అక్క కర్రల మోపు మీద కూర్చుని అంతా విని, "మన గాలిలో ఏటున్నాది బాబూ, ఉప్పూ సెమటా తప్ప?" అంది.

"ఆ సెమట పట్టించే వేడేనమ్మా. ఉత్తినే పోతన్నాది కదా, నీళ్ళలో ఏస్తన్నాం."

అక్క నా వైపు తిరిగి, "కుర్రోడు మాటలు బాగా నేర్సేడు" అంది. అంతకుమించి ఒప్పుకోలేదు.

ఎండాకాలం అంతా ఆ మిషను నీళ్ళు బ్రహ్మాండంగా కాచింది. ఇంట్లో అందరూ స్నానాలు చేసినా ఇంకా వేడి ఉండేది. గీజరు కంటే కరెంటు బాగా తక్కువ కాలుతోందని షావుకారు కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. ఒక్కటి మాత్రం ఆ మిషను చేయలేదు. బాలింత నీళ్ళలో కలిపే వావిలాకు మరిగించలేదు. దానికి షావుకారమ్మ కరెంటు పొయ్యి ఇచ్చింది, గాజు పలకలా ఉంటుందే, అది. కాన్పుకి ముందే సరిచూసుకుందామని అక్క దాని మీద రాగి చెంబు పెట్టి ఎదురుగా కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. చెంబు వేడెక్కలేదు. రాగి దానికి పనికిరాదని, అడుగు సాపుగా ఉన్న స్టీలు గిన్నె కావాలని షావుకారమ్మ నవ్వుతూ చెప్పింది. "సెంబుని బట్టి మండే నిప్పు నానెక్కడా సూడనేదు" అని అక్క గొణిగింది. స్టీలు గిన్నె పెట్టాక ఆకు నిమిషాల్లో మరిగిపోయింది. అక్క రాగి చెంబుని తీసి పక్కన బోర్లించింది.

తర్వాత కూతురు ఆడపిల్లని కని ఇంటికొచ్చింది.

మా వైపు బాలింతకి గాలి తగలనివ్వరు. చెవుల్లో దూది పెడతారు, తలకి గుడ్డ కడతారు, గది కిటికీలు మూసేస్తారు. ఆ బాలింత పిల్లకి ఇచ్చిన గది వసారాలోకే తెరుచుకుంటుంది. స్నానాల గది వసారా చివర ఉంది. పిల్ల స్నానానికి వసారాలోంచి నడవాలి కాబట్టి పెరటివైపు మొత్తం టార్పాలిన్ కట్టమంది షావుకారమ్మ. నేనూ అక్కా కట్టాం. పిట్టగోడ సందుల్లో పాత చీరలు కుక్కాం. ప్రతి ఇంట్లో చేసినట్టే చేశాం. మిషను కూడా ఆ టార్పాలిన్ లోపలే ఉండిపోయింది. దాని సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మర్నాడు నీళ్ళు గోరువెచ్చగా వచ్చాయి. వసారా జిల్లుమంది. బాలింత గదిలోకి కూడా చలి పాకింది. షావుకారమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎక్కడో సందుందనుకుని ఇంకో దుప్పటి తెచ్చింది. మేం ఆ సందూ మూశాం. తర్వాతి రోజు ఇంకా చల్లగా అయింది. గోనెసంచులు తెచ్చాం. చలి పెరిగేకొద్దీ మూశాం, మూసేకొద్దీ చలి పెరిగింది. ఈ మాట ఇప్పుడు రాస్తూ ఉంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు ఆ పిల్ల పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఎవరికీ నవ్వు రాలేదు.

షావుకారమ్మ మిషనుని తిట్టి మళ్ళీ పెరట్లో రాళ్ళు పేర్పించింది. కాగు ఎక్కింది. అక్క ముఖం వెలిగిపోయింది, నేను అబద్ధం చెప్పను. కర్ర తడిగా ఉంటే జీడి తొక్కు వేసింది. గోడ అవతల నుంచి మళ్ళీ "సాలేటే?" అని వినబడితే నా ప్రాణం లేచొచ్చింది. అదీ అబద్ధం చెప్పను.

పురుడు స్నానానికి ముందు రోజు పొద్దున్న బాలింత పిల్లకి నీళ్ళు పోస్తున్నాను. బిందె అయిపోయింది. అవతల నుంచి పిలుపు రాలేదు. "అక్కా, ఇంకో బిందె" అన్నాను. చప్పుడు లేదు. పిల్లకి తువ్వాలు చుట్టి, తడి చేతుల్తోనే పెరట్లోకి పరిగెత్తాను. అక్క గోడకి చెయ్యి ఆనించి వంగి ఉంది. నోరు తెరిచి ఉంది, మాట రావడం లేదు. కళ్ళు మాత్రం నన్ను చూస్తున్నాయి. వీపు రాసి, పొయ్యికి దూరంగా తెచ్చి, వసారా మెట్టు మీద కూర్చోబెట్టాను. కొంతసేపటికి ఊపిరి అందుకుంది. అందుకోగానే మొదటి మాట, "కర్ర ఎనక్కి లాగు, నీళ్ళు మరిగిపోతాయి" అని.

ఆవిడ అలా మెట్టు మీద కూర్చుని ఉండగానే మెకానిక్కు వచ్చాడు. మిషను విప్పి పట్టుకుపొమ్మని షావుకారే కబురు పెట్టాడు. అతను టార్పాలిన్ పక్కకి తీసి లోపలికి తల పెట్టాడు. వెంటనే బయటికి వచ్చాడు. మళ్ళీ తల పెట్టాడు. చీరలూ గోనెలూ చూశాడు.

"దీనికి రోగం ఏటీ నేదమ్మా. ఊపిరాడట్నేదు" అన్నాడు. "వదిలిన సల్లగాలే మళ్ళీ పీలుస్తన్నాది. ఇంకేటి వేడిస్తాది?"

షావుకారమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. టార్పాలిన్ తీస్తే పిల్లకి గాలి తగులుతుంది, తీయడానికి వీల్లేదంది. అయితే మిషనుని పెరట్లోకి మార్చాలన్నాడు మెకానిక్కు. పైపులు మార్చి, దిమ్మ కట్టి, రేపటికి అయ్యే పని కాదన్నాడు. పిల్లని వేరే గదికి మార్చమన్నాడు. పురుడు తీరకుండా గది మార్చరు అంది షావుకారమ్మ. మిషను కదలదు, బాలింత కదలదు. షావుకారు ఇద్దరి మధ్యా నిలబడి, పోనీ విప్పేసి తీసుకుపో బాబూ అన్నాడు.

అప్పుడు మెట్టు మీద నుంచి అక్క లేచింది. ఇంకా ఆయాసపడుతూనే ఉంది.

"దానికి ఊపిరాడట్నేదా?" అని అడిగింది మెకానిక్కుని.

"ఆడట్నేదమ్మా."

"అదెలగుంటాదో నాకు తెలుసు" అంది.

వెళ్ళి టార్పాలిన్ తాడు ముడి విప్పింది. తను కట్టిన ముడే. పెరటివైపు మొత్తం తెరుచుకుంది, వెలుతురు పడింది. షావుకారమ్మ ఏదో అనబోయింది. అక్క ఆగలేదు. టార్పాలిన్‌ని వసారా మధ్యకి లాక్కొచ్చి, స్తంభం నుంచి గోడకి అడ్డంగా పట్టుకుని, రెండో కొస పట్టమని మెకానిక్కుకి సైగ చేసింది. బాలింత గది, స్నానాల గది ఒక పక్క ఉండిపోయాయి. మిషను ఒక్కటీ పెరటివైపు ఉండిపోయింది. మిగిలిన గోనెలూ దుప్పటీ గదివైపు తెరిచి ఉన్న మేర కట్టింది.

"పిల్ల అటు, ఇది ఇటు" అంది. "ఎవులి గాలి ఆళ్ళది."

నేను అక్క చేతుల వైపు చూస్తున్నాను. ఆ ముడి విప్పితే తన పొయ్యి ఆరుతుందని ఆవిడకి తెలుసు. తెలిసే విప్పింది. షావుకారమ్మ గదిలోకెళ్ళి, గోడలు తడిమి చూసి, వచ్చి, సరే రేపటిదాకా చూద్దాం అంది.

పురుడు రోజు పొద్దున్న కుళాయి తిప్పితే పొగలు కక్కుతూ నీళ్ళొచ్చాయి. చల్లనీళ్ళు కలుపుకోవాల్సి వచ్చింది. వావిలాకు నీళ్ళు కరెంటు పొయ్యి మీద కాచి కలిపాను. పిల్లకి తనివి తీరా పోశాను. ఆ పిల్ల ముఖంలోకి రంగొచ్చింది. బకెట్ నిండుతూనే ఉంది, ఎవరూ అడగకుండానే నిండుతూ ఉంది. ఆఖర్న నేను అలవాటుగా గోడవైపు తిరిగి "సాలు" అన్నాను. అవతల నుంచి కర్ర లాగిన చప్పుడు రాలేదు.

తిరిగి చూస్తే అక్క గుమ్మంలో నిలబడి ఉంది, చేతులు వెనక్కి పెట్టుకుని. పొయ్యి లేదు కాబట్టి ఆ చేతులకి మసి లేదు. ఆ సంగతి ఆవిడకి తట్టినట్టు లేదు. నాకు తట్టింది.

"అక్కా, కాళ్ళు సాపి కూకో" అన్నాను.

"నానా? నాకు రాదే."

"ఇన్నేళ్ళూ సూసేవు కదా. కూకో."

చేతులు ముందుకి తెచ్చి చూసుకుంది. సున్నిపిండితో మోచేతుల దాకా కడిగింది. మళ్ళీ కడిగింది. పీట మీద కూర్చుని కాళ్ళు చాచింది. బిడ్డని ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టాను. అక్క చేతులు గాల్లోనే ఉన్నాయి, దించడానికి భయం. నేను నీళ్ళు పోశాక నెమ్మదిగా బిడ్డ పొట్ట మీద ఆనించింది. బిడ్డ ఏడవలేదు. కాళ్ళు ముడుచుకుని ఆవిడ ఒళ్ళంతా వెచ్చగా తడిపేసింది.

అక్క చీర కుచ్చిళ్ళు చూసుకుని, "ఇదే నయమే" అంది, "దీనికి కరెంటు కూడా అక్కర్నేదు."

షావుకారమ్మ కూడా నవ్వింది. అక్క నవ్వుతూ నవ్వుతూ దగ్గింది. దగ్గుతూనే బిడ్డ జారిపోకుండా కాళ్ళు బిగించి పట్టుకుంది.

షావుకారు తర్వాత ఆ మిషన్లు బాగానే అమ్మాడు. తన ఇంట్లో మిషనుని పెరటిగోడకి మార్పించి, పైన చిన్న రేకు వేయించాడు. మాకు కూడా పని తగ్గలేదు. పెద్ద గీజరున్న ఇళ్ళకీ, గాలి మిషనున్న ఇళ్ళకీ మాత్రమే వస్తామని చెప్పేశాం. అక్క బిడ్డల పని చేసేది, నేను తల్లుల పని చేసేదాన్ని. ఒకే గదిలో ఎదురెదురుగా ఉండేవాళ్ళం. ఇన్నేళ్ళూ గోడ అవతలున్న మనిషి పని చేస్తుంటే ముఖం ఎలా పెడుతుందో అప్పుడే చూశాను. నాలుక కొంచెం బయటపెట్టి పని చేసేది.

ఊపిరి కొంత నయమైంది. మొత్తం నయం కాలేదు. పొగ మానినా, లోపలికి పోయిన పొగ పోదని డాక్టరమ్మ అంది. ఒక వానాకాలం భావనపాడులో తమ్ముడింటికి వెళ్ళి ఇంక రాలేకపోయింది. నేను చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద ఉంది, నవ్వింది. వాళ్ళింట్లో కూడా కరెంటు పొయ్యి ఉంది. అడుగు సాపుగా ఉన్న స్టీలు గిన్నె వెతికి, నీళ్ళు కాచాను. మంచం పక్కన పీట వేసి కూర్చోబెట్టి, వీపు మీద పోశాను. సముద్రం హోరు గట్టిగా ఉంది. ఆవిడకి వినబడేలా పెద్దగా అడిగాను.

"సాలేటక్కా?"

"ఇంకో సెంబు పొయ్యే" అంది.

ఇంకో చెంబు పోశాను. మళ్ళీ అడిగాను. మళ్ళీ ఇంకోటి అంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆవిడ చాలు అనలేదు. నేను మళ్ళీ వెళ్ళేలోపే ఆవిడ లేదు.

కాబట్టి పిల్లలూ, పనికొస్తుందా అంటే పనికొస్తుంది. గాలి ఆడే చోట పెట్టండి, అది వదిలే చల్లగాలి మంచాల వైపు రాకుండా చూసుకోండి. అందులోంచి నీటి చుక్కలు కారుతుంటాయి, దానికి దారి ఇవ్వండి. వేడెక్కడానికి కొంచెం టైము తీసుకుంటుంది, ముందే వేసుకోండి. సముద్రం ఒడ్డున ఇల్లయితే కొనే ముందు ఉప్పుగాలి సంగతి మెకానిక్కుని గట్టిగా అడగండి, అక్కడ ఇనుము ఏదీ ఎక్కువ కాలం ఉండదు. ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరైనా దగ్గుతుంటే మాత్రం ఆలోచించకండి, కొనేయండి. మాకు ఆ మిషను ఇంకొన్నేళ్ళ ముందు వచ్చి ఉంటే బాగుండేదని నాకు ప్రతిరోజూ అనిపిస్తుంది. అది వచ్చాకే గోడ అవతలి గొంతు పోయిందని కూడా అనిపిస్తుంది. రెండూ ఒకేసారి అనిపిస్తాయి, ఏం చేయను.

మా ఇంట్లో కూడా గీజరు పెట్టించారు. నీళ్ళు కాగితే ఎర్రలైటు ఆరుతుంది. మంచిదే. నేను మాత్రం బకెట్ నిండాక ఒక్క క్షణం ఆగుతాను, గోడవైపు చెవి పెట్టి.

ఈ కాగితం రాస్తున్నప్పుడు కూడా అలాగే అయింది. చాలా అని అడిగే మనిషి లేక, ఎక్కడ ఆపాలో తెలియక ఇంత రాసేశాను. ఇందులో అక్షరాలు తప్పులున్నా, మాటలు ముందువెనకలైనా, చదువు లేనిదాని రాత అనుకుని పెద్ద మనసుతో మన్నించండి.